వెనక వరస సిపాయిలు

పెద్దిరాజుకి లోకమంతా కౌంటే. భీమవరం చుట్టుపక్కల చెరువుల దగ్గర రొయ్యలు కొని ఎగుమతి ప్లాంట్లకి పంపే వ్యాపారం ఆయనది. కిలోకి ముప్పై రొయ్యలు తూగితే ముప్పై కౌంటు, నలభై తూగితే నలభై కౌంటు. ముప్పైలో నలభై కలిసిందా, అది మిక్స్‌డ్ కౌంటు, ఇక రైతు నెత్తీనోరూ కొట్టుకున్నా రేటు రాదు. గట్టు మీద నిలబడి ట్రేలోకి ఒక్క చూపు చూసి తేల్చిపారేస్తాడు. అలాంటి మనిషికి బొమ్మల సైన్యాల పిచ్చి పట్టింది. ఆ పిచ్చి అంటించినవాడు విజయ్ పాల్, డిగ్రీ కాలేజీలో చరిత్ర చెప్పి రిటైరైన మాస్టారు.

బొమ్మలంటే పిల్లలు ఆడుకునేవి కావు. అంగుళం పైచిలుకు ఎత్తుండే సైనికులు. విదేశాల్లో ఒక్కో కంపెనీ ఒక్కో తీరుగా పోస్తుంది. మనవాళ్లు తెప్పించుకుని, సన్న కుంచెతో రంగులేసి, అడుగున గుండ్రటి బిళ్ల అంటించి, బిళ్ల మీద గడ్డీ మట్టీ చల్లి, పెద్ద బల్ల మీద పాత యుద్ధాన్ని మళ్లీ జరిపిస్తారు. టేపుతో దూరాలు కొలుస్తారు, పాచికలు వేసి ఎవడు చచ్చాడో తేలుస్తారు. వీళ్లిద్దరూ పట్టుకున్నది చందుర్తి యుద్ధం. రెండున్నర శతాబ్దాల కిందట పిఠాపురం దగ్గర ఇంగ్లీషువాళ్లూ ఫ్రెంచివాళ్లూ కొట్టుకున్నారు, విజయనగరం రాజు ఇంగ్లీషువాళ్ల పక్షాన వచ్చాడు. తమ తాతలకి తాత ఒకాయన ఆ దండులో గుర్రం మీద ఉన్నాడని పెద్దిరాజు ఇంట్లో చెప్పుకుంటారు. ఎక్కడ నిలబడ్డాడో చూపించమని ఆయన మొదటిసారి మాస్టారి గుమ్మం తొక్కాడు. మ్యాపు చూడడానికి వచ్చినవాడు పన్నెండేళ్లయినా వదల్లేదు.

పెద్దిరాజు బొమ్మలన్నీ ఇంగ్లండులోని ఒకే కంపెనీవి. సీసమూ తగరమూ కలిపి పోసినవి. కస్టమ్స్ కట్టి మరీ తెప్పించేవాడు. విజయ్ పాల్‌కి అంత స్తోమతు ఎక్కడిది? ఏ కంపెనీ తగ్గింపు ధర పెడితే ఆ కంపెనీవి, అవీ ప్లాస్టిక్‌వి కొనేవాడు. కొన్ని చెన్నైలో ఎవరో వదిలించుకుంటే తీసుకున్నాడు. కొన్ని రాజమండ్రిలో ఉండే పాత శిష్యుడు ప్రసన్నకుమార్ తన త్రీడీ ప్రింటర్ మీద తీసి ఇచ్చాడు. అన్నీ ఎర్ర కోటు సిపాయిలే. అయితే ఒకడు ఈనెపుల్లలా ఉంటాడు, ఇంకొకడికి గవదబిళ్లలు వచ్చినట్టు తలకాయ ఉబ్బి ఉంటుంది. ఒకడి తుపాకీ సూదంత, పక్కవాడిది రోకలంత.

"ఏమనుకోకండి మాస్టారూ," అన్నాడు పెద్దిరాజు మొదట్లోనే. "నా వాళ్ల పక్కన వీళ్లని నిలబెడితే పెళ్లి ఫోటోలో బల్లెక్కినోడూ ఎక్కనోడూ పక్కపక్కన ఉన్నట్టుంటుందండి. మిక్స్‌డ్ కౌంటైపోద్ది."

అందుకని మాస్టారి సిపాయిలు రిజర్వు. పెద్దిరాజు మేడ మీద గదిలో పరిచిన బల్ల చివర, బొమ్మ తాటితోపు వెనకాల. ముందు వరసలో పెద్దిరాజు సిపాయిలు పోరాడుతుంటే వీళ్లు తోపు వెనక నిలబడి ఉంటారు. ఎప్పుడైనా పిలుపొస్తే వెళ్లాలి. పన్నెండేళ్లలో ఆ పిలుపు రాలేదు.

పెద్దిరాజు కులం పట్టింపున్న మనిషని ఎవరైనా అంటే విజయ్ పాలే ఒప్పుకోడు. పక్కన కూర్చోబెట్టుకుని పండుగొప్ప చేప పులుసు తన చేత్తో వడ్డించే మనిషి ఆయన. మాస్టారి భార్య ప్రిస్కిల్లా పోయినప్పుడు, అయినవాళ్లే గుమ్మం ఎక్కడానికి భయపడిన ఆ కరోనా రోజుల్లో, మాస్కు పెట్టుకుని వచ్చి సమాధుల దొడ్డి బయట ఎండలో నిలబడ్డాడు. బొమ్మల దగ్గరే ఆయనకి సైజు పట్టింపు. అది సైజు పట్టింపేనని విజయ్ పాల్ తనకి తాను చెప్పుకునేవాడు, చాలాసార్లు నమ్మేవాడు కూడా. కానీ విజయ్ పాల్ తండ్రి రాజుల చేలల్లో పాలేరుగా చేసి, జీవితమంతా వాకిలి అవతలే నిలబడి పోయినవాడు. తోపు వెనకాల తన సిపాయిల్ని సర్దుతున్నప్పుడల్లా మాస్టారికి ఆ వాకిలి గుర్తొచ్చేది.

ఆయన ఒక పని చేశాడు. చందుర్తి గురించి తెల్లవాళ్లు రాసిన పుస్తకాలన్నీ తిరగేశాడు. తెల్ల ఆఫీసర్ల పేర్లున్నాయి. వాళ్ల కొలువులో కొట్లాడిన మన సిపాయి పేరు ఒక్కటి లేదు. ఎర్ర కోట్లు చూసి ఫ్రెంచివాళ్లు సిపాయిలనే ఇంగ్లీషువాళ్లనుకుని వాళ్ల మీద పడ్డారనీ, అసలు ఇంగ్లీషువాళ్లు చేను చాటు నుంచి బయటికొచ్చి గెలిచారనీ మాత్రం ఉంది. దెబ్బ తిన్నవాడి పేరు లేదు, గెలిచినవాడి పేరుంది. పేర్లు నేనెక్కడినుంచి తెస్తాను, మొహాలైతే ఇవ్వగలను అనుకున్నాడు విజయ్ పాల్.

భూతద్దం దీపం కింద కూర్చుని, నాలుగే వెంట్రుకలు మిగిల్చిన కుంచెతో, ఒక్కొక్క సిపాయికి ఒక్కొక్కరి మొహం పెట్టాడు. మెల్లకన్నుతో నాన్న. బుగ్గన బొల్లి మచ్చతో మేనత్త కొడుకు. చిన్నప్పుడు వరద గోదాట్లో కొట్టుకుపోయిన స్నేహితుడు అబ్బులు, నుదుటి మీద గాటుతో సహా. కాలేజీ అటెండరు, చర్చిలో డోలక్ వాయించే ముసలాయన, అందరూ ఎర్ర కోట్లు తొడుక్కుని తుపాకులు పట్టుకున్నారు. చూసేవాడికి మినప్పప్పు బద్దంత మొహం. వేసినవాడికి మనిషి.

ఆఖరున వేసింది ప్రిస్కిల్లాని. కరోనా రెండోసారి వచ్చినప్పుడు పోయింది ఆవిడ. ఆసుపత్రి నుంచి సంచిలో కట్టి ఇచ్చారు, జిప్పు తీయనివ్వలేదు. ముప్పై రెండేళ్లు కాపురం చేసిన మనిషి మొహం చివరిసారి చూసుకోలేదు ఆయన. ఇంటికొచ్చి కొన్నాళ్లు గోడకేసి చూస్తూ కూర్చుని, ఒకరోజు లేచి ఒక ప్లాస్టిక్ సిపాయి మీసాన్ని బ్లేడుతో చెక్కేశాడు. చెక్కినచోట చర్మం రంగు వేసి, ఎడమ కంటి కింద పుట్టుమచ్చ పెట్టాడు. ఆ మచ్చ నాలుగుసార్లు చెరిపి ఐదోసారి పెడితే కుదిరింది. బతికున్నప్పుడు ఈ బొమ్మల్ని చూసి "నీ పటాలానికి నేను వండి పెట్టలేను బాబూ" అని నవ్వే మనిషి, పటాలంలోనే చేరిపోయింది.

ఈ సంగతి తెలిసింది ఒక్క కూతురు వినీలకే. పెద్దిరాజుకి చెప్పలేదు. ఒకసారి చెప్పబోయాడు. "ఈ సిపాయి మొహం చూడండి రాజుగారూ" అంటే, "వాళ్లు బెంగాలు నుంచి వచ్చినోళ్లండి, మొహాలు మనకేం తెలుస్తాయి?" అని నవ్వి టేపు అందుకున్నాడు. ఇంకోసారి చెబితే ఇంకోసారి నవ్వుతాడు. తనని చూసి నవ్వితే ఫరవాలేదు. నాన్నని చూసి నవ్వితే తట్టుకోలేడు.

అలా ఉండగా మాస్టారికి కిడ్నీలు పోయాయి. వారానికి మూడుసార్లు డయాలిసిస్. ఈ మధ్య గుండె కూడా నీరసపడిందని డాక్టరు వినీలతో చాటుగా చెప్పాడు. చాటుగా చెప్పినవి రోగికే ముందు తెలుస్తాయి. వేళ్లు వణకడం మొదలై కుంచె పట్టడం మానేసి అప్పటికి ఏడాది దాటింది.

పెద్దిరాజు ఆసుపత్రికి చూడడానికి వచ్చాడు. చేతికి గొట్టాలతో పడుకున్న మాస్టారిని చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు.

"ఏంటండి మాస్టారూ, ఇంత చిక్కిపోయారు?"

"ముప్పై కౌంటువాణ్ణి వందకి వచ్చేశానండి రాజుగారూ."

పెద్దిరాజు నవ్వబోయాడు. నవ్వు రాలేదు, కళ్లలో నీళ్లొచ్చాయి. స్టూలు లాక్కుని కూర్చుని కండువాతో మొహం తుడుచుకున్నాడు.

"ఒక కోరికండి," అన్నాడు విజయ్ పాల్.

"అడగండి. ఏదైనా సరే."

"ఈసారి చందుర్తిలో నా వాళ్లని ముందు వరసలో నిలబెట్టండి. మీ వాళ్ల మధ్యలో. పక్కన కాదు, మధ్యలో."

 పెద్దిరాజు లోపల రొయ్యల వ్యాపారి ఇంకా ఉన్నాడు మరి. "హైట్లు కలవవు కదండి," అన్నాడు మెల్లగా.

"పొట్టివాళ్ల బిళ్లల కింద అట్టముక్క అంటించండి, ఎత్తు సరిపోతుంది. అన్ని బిళ్లల మీదా ఒకే రకం గడ్డి చల్లండి. మూడడుగుల దూరం నుంచి చూస్తే ఎవరికీ తెలీదు."

పెద్దిరాజు ఆయన చెయ్యి పట్టుకున్నాడు. "నాకొదిలేయండి మాస్టారూ. మీ వాళ్లకీ నా వాళ్లకీ ఇసుమంత తేడా కనబడకుండా చేసే పూచీ నాది."

విజయ్ పాల్‌కి ప్రాణం లేచొచ్చింది. మొహాల సంగతి చెబుదామని నాలుక చివరిదాకా వచ్చింది. "అందులో మా ఆవిడుందండి, జాగ్రత్త" అంటే ఏం బాగుంటుంది, ఆసుపత్రిలో నలుగురి ముందు? మింగేశాడు. చెప్పుంటే సరిపోయేది. మనవాళ్లకి ప్రాణం మీదికొచ్చినా మొహమాటం పోదు కదా.

మర్నాడు రాజుగారి డ్రైవరు ఇంటికొచ్చి బొమ్మల పెట్టెలు తీసుకెళ్లాడు. పెట్టెలు అందిస్తూ వినీల ఆగింది.

"నాన్నా, అమ్మని కూడా పంపేస్తున్నావా?"

"ముందు వరసలో నిలబడాలి కదే. అమ్మ లేకుండా ఎలా?"

ఆ తర్వాత ఆయనకి రోజులు బాగానే గడిచాయి. డయాలిసిస్ మంచం మీద కళ్లు మూసుకుని, ఎవరి పక్కన ఎవరు నిలబడి ఉంటారా అని ఊహించుకునేవాడు. నాన్న పెద్దిరాజు సార్జెంటు పక్కన ఉంటాడు. ప్రిస్కిల్లాని జెండా దగ్గర పెడితే బాగుండు. ఫోన్ చేసి ఎంతవరకు వచ్చిందని అడిగితే పెద్దిరాజు "వచ్చాక చూస్తారుగా" అని కవ్వించేవాడు. ఆయన గొంతులో హుషారు విని విజయ్ పాల్‌కి కడుపు నిండిపోయేది.

చెప్పిన రోజుకి వినీల ఆయన్ని రాజుగారింటికి కారులో తీసుకెళ్లింది. పెద్దిరాజు ఎదురొచ్చి ఒక పక్క తను పట్టుకున్నాడు. మేడ మీద గదికి చేరేసరికి మాస్టారికి ఆయాసం వచ్చింది. గదిలో డెట్టాల్ వాసన. ఆసుపత్రిలో రోజు విడిచి రోజు పీల్చే వాసనే గనక పట్టించుకోలేదు. బల్ల పక్కన కుర్చీలో కూర్చోబెట్టి, వినీల చేతికి మంచినీళ్ల గ్లాసిచ్చి, పెద్దిరాజు బల్ల మధ్యలో కప్పి ఉంచిన కొత్త తువ్వాలు లాగేశాడు.

"అబ్బ!" అన్నాడు విజయ్ పాల్. ఆ మాట కడుపులోంచి వచ్చింది.

పొడుగాటి ఎర్రటి వరస. భుజం భుజం కలిపి, ఒకే ఎత్తులో, ఒకే ఎరుపులో, తెల్ల పట్టీలు ఒక్క దారం మీద గుచ్చినట్టు. పొట్టివాడు లేడు, లావు తలవాడు లేడు. తోపు వెనక ఎవరూ లేరు. పన్నెండేళ్లుగా ఆయన అడగలేక అడగలేక అడిగింది కళ్ల ముందుంది.

ఆయన కళ్లద్దాలు సర్దుకుని జెండా దగ్గర వెతికాడు. తర్వాత సార్జెంటు పక్కన చూశాడు. వరస ఈ కొస నుంచి ఆ కొస దాకా చూశాడు.

"నా వాళ్లేరండి రాజుగారూ?"

పెద్దిరాజు చప్పట్లు కొట్టాడు. "అదండీ! మీ నోటి నుంచి ఆ మాట వినాలనే కదండి ఇంత కష్టపడింది! పట్టుకోండి చూద్దాం, మీ వాళ్లెవరో నా వాళ్లెవరో. ఆయ్, నేను కూడా పట్టుకోలేనండి!"

ఇక ఆగకుండా చెప్పుకుపోయాడు. అన్నిటినీ రెండు రోజులు డెట్టాల్‌లో నానబెట్టాడు. టూత్‌బ్రష్‌తో రుద్దితే పాత రంగంతా మీగడలా ఊడొచ్చింది. మాస్టారివే కాదు, తనవి కూడా కడిగేశాడు, పన్నెండేళ్లు వేసిన రంగులు. మాస్టారి కోసం కాకపోతే ఎవరి కోసం చేస్తాడు? తలకాయలు మరీ పెద్దగా ఉన్నవాటికి తలలు కోసేసి, ఇంగ్లండు కంపెనీ దగ్గర విడిగా దొరికే తలలు తెప్పించి అంటించాడు. ఆ తర్వాత అందరికీ ఒకే రంగు, ఒకే చెయ్యి. వ్యాపారం మేనల్లుడికి అప్పజెప్పి పొద్దస్తమానం ఇదే పని.

"చూపు మందగించింది కదండీ, కళ్లు మంటలెత్తిపోయాయి. అయినా ఒక్కడికి కూడా మీసం వంకర పోనివ్వలేదు."

నిజమే. అందరికీ మీసాలున్నాయి. చక్కటి మీసాలు, ఒకేలాంటివి.

వినీల గ్లాసు కింద పెట్టేసింది. "అంకుల్..." అంది. 

విజయ్ పాల్ వణికే వేళ్లతో ఒక సిపాయిని తీసి కళ్ల దగ్గర పెట్టుకున్నాడు. గోధుమరంగు చర్మం, రెండు నల్ల చుక్కలు, మీసం. పెట్టేసి ఇంకొకడిని తీశాడు. గోధుమరంగు చర్మం, రెండు నల్ల చుక్కలు, మీసం. పెద్దిరాజు ఇంకా ఆటే అనుకుని, "కాదండి, అది నాదనుకుంటా" అంటున్నాడు.

"రాజుగారూ, ఇందులో మా ఆవిడ ఉండాలండి."

"ఎవరండి?"

"ప్రిస్కిల్లా. ఎడమ కంటి కింద మచ్చ ఉంటుంది. మీసం ఉండదు, నేనే చెక్కేశాను. మా నాన్న కూడా ఉండాలి, మెల్లకన్ను. అబ్బులు ఉండాలి, నా చిన్నప్పటి స్నేహితుడు. ఒక్కొక్కరిది ఒక్కొక్క మొహమండి. నేనే వేశాను." చేతిలోని సిపాయిని వరసలో పెట్టేశాడు. "సంచి జిప్పు తీయనివ్వలేదండి వాళ్లు. మొహం చూడనివ్వలేదు. ఇంటికొచ్చి వేసుకున్నాను. ఆవిడని కడిగేశారండి మీరు."

పెద్దిరాజు మొహంలో నవ్వు పోవడానికి కొంచెం సేపు పట్టింది. మొహాలా, అని గొణిగాడు. "అంత చిన్న మొహాలు ఎవరు చూస్తారండి..." అనేసి, అన్న మాట తన చెవికే తగిలి నాలుక్కరుచుకున్నాడు. గోడకి ఆనుకుని, "ఒక్క మాట చెప్పుండాల్సిందండి మాస్టారూ," అన్నాడు. ఆ మాట బతిమాలుతున్నట్టు ఉంది.

"ఒక్కసారి చూసుండాల్సిందండి మీరు. పన్నెండేళ్లు మీ బల్ల మీదే నిలబడ్డారు."

ఇన్నేళ్ల స్నేహంలో విజయ్ పాల్ ఆయన మీద గొంతు ఎత్తడం అదే మొదలు.  వినీల ఆయన వీపు మీద చెయ్యి వేసింది. కోపం వచ్చిందంటే వచ్చింది గానీ, దేని మీద పోసుకోవాలో తెలియలేదు. ప్రేమగా చేసిన పని మీద కోపం ఎలా నిలబడుతుంది? నిలబడకపోతే ఇది ఎక్కడ పెట్టుకోవాలి?

"ఫోటోలివ్వండి," అన్నాడు పెద్దిరాజు తడబడుతూ. "హైదరాబాదులో మంచి ఆర్టిస్టులున్నారండి. ఎంతవుతుందో అవనివ్వండి, అందరి మొహాలూ మళ్లీ వేయిస్తాను. ప్రిస్కిల్లమ్మగారిది ముందు వేయిస్తాను."

విజయ్ పాల్ తన రెండు చేతులూ ఎత్తి చూపించాడు. వేళ్లు గాలిలో ఆడుతున్నాయి. "ఆ మొహాలు వేసినవి ఈ చేతులండి," అన్నాడు.

"మావాళ్లని మాకిచ్చేయండి అంకుల్," అంది వినీల. కళ్లు తుడుచుకోను కూడా లేదు. "తీసుకెళ్లిపోతాం."

పెద్దిరాజు తలూపి ఖాళీ పెట్టె తెచ్చి బల్ల మీద పెట్టాడు. వరస మీదికి వంగాడు. ఈ చివర నుంచి ఆ చివరికి చూశాడు, మళ్లీ ఆ చివర నుంచి ఈ చివరికి. చెరువు గట్టు మీద ఒక్క చూపుకి తేల్చే మనిషికి చెమటలు పట్టాయి. తన చేతి పని అంత బాగా కుదిరింది. ఏం చేయాలో తోచక ఒకదాన్ని అరచేతిలో పెట్టుకున్నాడు. బరువుగా ఉంది, సీసం. వెనక్కి పెట్టేశాడు. రెండోది తీశాడు, అదీ బరువే. మూడోది తేలిగ్గా ఉంది, ప్లాస్టిక్.

"ఇది మీదేనండి మాస్టారూ," అని అందించాడు. చెంపల మీద నీళ్లు కారుతున్నా తుడుచుకోలేదు.

విజయ్ పాల్ దాన్ని తీసుకుని కిటికీ వెలుతురుకి తిప్పాడు. అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. పెద్దిరాజు చేతికి తిరిగి ఇచ్చాడు.

"ఎవరండి?" అని అడిగాడు.

పెద్దిరాజు బొమ్మని కళ్లకి ఆనేంత దగ్గరగా పెట్టుకున్నాడు. చాలాసేపు చూశాడు. తను దిద్దిన మీసం, తను పెట్టిన రెండు చుక్కలు. దాన్ని పెట్టెలో పడుకోబెట్టి, ఇంకొక తేలికది వెతికి తీశాడు.

"ఇదీ మీదేనండి."

"ఎవరండి?" అన్నాడు విజయ్ పాల్.